షోకు, దర్జా – అర్థపరిణామము

ఆంగ్లమున నాగరికమగు వేషపు మెఱుగును 'షీక్' అందురు. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఫ్రెంచి నుండి వచ్చిన మాట యిది. నేర్పు, ఔచిత్యము అను అర్థములు గల జర్మను శబ్దము దీనికి మూలమని పలువురి అభిప్రాయము. ఫ్రెంచి చిత్రకారులు హస్తలాఘవమును గూడ ఈ పేర వ్యవహరించిరి. చేతి నేర్పును దెలుపు మాట క్రమముగా వేషమునకు జరిగినది. తెలుగున 'షోకు', 'దర్జా' అనువానికిని ఇట్టి గతియే పట్టినది.

ఈ రెండును అరబ్బీ పుట్టుక గలవి. పారసీకము, ఉర్దూల మీదుగా తెలుగు చేరినవి. వీని పరిశీలనకు కర్నూలు, కడప మండలములు తగిన తావులు. కడపను పదునెనిమిదవ శతాబ్దిలో మయానా నవాబులేలిరి. కర్నూలున నవాబుల పాలన 1839 వఱకు సాగినది. నేటికిని అచ్చట ఉర్దూవారును తెలుగువారును ఇరుగుపొరుగున నున్నారు.

'షౌక్' అనగా అరబ్బీలో ఆరాటము, ఉర్దూలో అభిరుచి. ఒకనికి చదువునందు షౌక్ కలదని ఉర్దూవారనిన అది పుస్తకప్రీతి. తెలుగున 'వానికి షోకులెక్కువ' అనినచో బట్టలు, అత్తరు, తలదువ్వుడు తలపునకు వచ్చును. కోరిక పేరు కోరిన వస్తువునకు సంక్రమించినది.

'దర్జా' మూలమున మెట్టు, పిదప హోదా. తెలుగున 'దర్జాగా కూర్చున్నాడు' అనుటకు హోదా ఉండనక్కఱలేదు, ఉన్నట్లు కనబడిన చాలును. బట్టలు కుట్టు 'దర్జీ'తో దీనికి చుట్టరికము లేదు. అది కుట్టు అను అర్థము గల వేఱొక పారసీక శబ్దము నుండి వచ్చినది.

'సొగసు' ఉండగా 'షోకు' ఏల? సొగసు పుట్టుకతో రావచ్చును. షోకు పూని చేసికొనవలయును. బీడునేలలో పూచిన తంగేటికి సొగసు కలదందుము, షోకు కలదనము. షోకునందు ప్రయత్నము, వ్యయము, చూచువారి చిఱునవ్వు ఇమిడియున్నవి.

1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన సి. పి. బ్రౌను, ఇట్టి అన్యభాషాపదములకై 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. మాటల పుట్టుక నెఱుగుటకు అట్టి కృషి అవసరము. కాని పుట్టుక నెఱిగినంత మాత్రమున నేటి అర్థము తేలదు. విద్యార్థి వ్రాసిన 'షోకు'ను అన్యదేశ్యమని కొట్టివైచి 'సొగసు' అని దిద్దు ఉపాధ్యాయుడు, భాషను దిద్దితిననుకొనుచు విద్యార్థి భావమును మార్చుచున్నాడు. పరిశోధకులు పదమూలముతోపాటు వీథిలోని వాడుకను గూడ నమోదు చేయుదురుగాక యని మా మనవి.