పాట ఎవరిది? ఆదివారం పూట అన్నదమ్ముల తగవు!

మీ ఇంట్లో ఆదివారం పూట తగవు దేనిమీద వస్తుంది? టీవీలో ఏ చానల్ పెట్టాలన్న దానిమీదా? కూరలో ఉప్పు తగ్గినందుకా? మా గూడూరింట్లో మాత్రం పాట మీద వస్తుంది!

పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతూ ఉంటుంది. హాల్లో మా వారూ, మా మరిదీ మొదలుపెడతారు. మా వారికి బాలసుబ్రహ్మణ్యం అంటే ప్రాణం. "బాలు పాడాడు కాబట్టే అది పాటయింది" అంటారు. మా మరిది కుర్రతనంలో పెళ్ళిపందిళ్ళలో కీబోర్డు వాయించినవాడు. అతనికి ఇళయరాజా దేవుడు. "బాణీ లేకుండా బాలు ఏం పాడతాడన్నా? గాలి పాడతాడా?" అని ఎదురడుగుతాడు. పడక్కుర్చీలోంచి మా మామగారు కళ్ళు తెరవకుండానే, "ఘంటసాల పోయిననాడే పాట పోయిందిరా నాయనా, ఇంక మీరు దేనికి కొట్టుకుంటుండారు?" అంటారు. దాంతో అన్నదమ్ములిద్దరూ ఏకమై ఆయన మీదికి వెళతారు.

నవ్వకండి. ఇలాంటి ఇళ్ళు మన తెలుగుదేశంలో వేలకు వేలు ఉన్నాయి. మీ ఇల్లూ అందులో ఒకటేనేమో!

ఏళ్ళ తరబడి నేనీ తగవుని వంటింట్లోంచి వింటూ, "మగాళ్ళకి పనిలేదు" అనుకునేదాన్ని. ఆలోచిస్తే ఇందులో మనకూ వాటా ఉందనిపించింది. ఆ సంగతే మీతో చెబుదామని కూర్చున్నాను.

గూడూరులో తగ్గిన బహుమతి

బాలుగారు మా జిల్లావారని చెప్పుకోవడం మాకు గొప్ప. 1946 జూన్ 4న పుట్టారు. తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరులో పేరున్న హరికథకులు. కొడుకు ఇంజనీరు కావాలన్నది ఆయన కోరిక. బాలు అనంతపురంలో ఇంజనీరింగ్‌లో చేరి, టైఫాయిడ్ వచ్చి చదువు ఆపి, తర్వాత మద్రాసులో ఏఎంఐఈలో చేరారు.

అప్పటికింకా సినిమాల్లో పాడలేదు. కుర్రవాడు. మా గూడూరులో కాళిదాసు కళానికేతన్ వారు పాటల పోటీలు పెట్టేవారు. ఆ పోటీలో వరసగా రెండేళ్ళు బాలుకే మొదటి బహుమతి. మూడో ఏడు కూడా గెలిస్తే వెండి కప్పు. తీరా మూడో ఏడు ఆయనకు ఇచ్చింది రెండో బహుమతి!

ఆ రోజు బహుమతులు ఇవ్వడానికి వచ్చినవారు గాయని ఎస్. జానకిగారు. అప్పటికే సినిమాల్లో పేరు తెచ్చుకున్న మనిషి. పిల్లల పాటలు విన్నారు. విని ఊరుకోలేదు. రెండో బహుమతి వచ్చిన ఈ అబ్బాయికే మొదటిది రావలసిందని సభలోనే అన్నారు. సినిమాల్లో ప్రయత్నించమని ఆ కుర్రవాడికి చెప్పారు. ఈ ముచ్చటను బాలుగారే ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి పాడిన యుగళగీతాలు ఎన్నో మీకు తెలియనిదా!

1964లో మద్రాసులో ఒక తెలుగు సాంస్కృతిక సంస్థ పెట్టిన పోటీలో బాలుకి మొదటి బహుమతి వచ్చింది. ఆ పోటీలో ఆయన గొంతు సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణిగారి చెవిన పడింది. 1966 డిసెంబరులో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' చిత్రానికి తొలిపాట పాడించింది ఆయనే.

గూడూరు ముచ్చట వచ్చినప్పుడల్లా మా వారు గర్వంగా మీసం దువ్వుతారు. తనే ఆ బహుమతి ఇచ్చినట్టు!

ఒకే బృందంలో మొదలైనవారు

ఇక మా మరిది పక్షం చూద్దాం. సినిమాల్లో పాడుతూనే బాలు కచేరీలకు ఒక లలితసంగీత బృందాన్ని నడిపేవారు. అందులో వాయించినవారెవరో తెలుసా? మదురై వైపు నుంచి మద్రాసు చేరిన అన్నదమ్ములు. ఇళయరాజా గిటారు, హార్మోనియం. తమ్ముడు గంగై అమరన్ గిటారు. అన్న భాస్కర్ తాళవాద్యాలు. ఊరూరా తిరిగి ఇతరుల పాటలు వాయించిన కుర్రాళ్ళు వాళ్ళు.

1976లో తమిళ చిత్రం 'అన్నక్కిళి'తో ఇళయరాజా సంగీత దర్శకుడయ్యారు. అంతే, దక్షిణాది పాట దారే మారిపోయింది. పాటలో ప్రతి వాద్యం ఏం వాయించాలో ఆయనే కాగితం మీద స్వరాలు రాసి ఇస్తారు. చరణానికీ చరణానికీ మధ్య వచ్చే వయొలిన్లూ, వేణువూ ఒక్కసారి చెవిపెట్టి వినండి. మాటలు లేకపోయినా అది కథ చెబుతుంది. "ఆ ముక్క బాలు పాడలేదుగా వదినా, అది ఎవరిది మరి?" అని మా మరిది నన్ను అడుగుతాడు. నా దగ్గర జవాబు లేదు.

మా వారి దగ్గర ఉంది. "ఆ వాద్యాలన్నీ ఆపి ఒట్టి గొంతుతో పాడమను. అప్పటికీ ఏడిపిస్తాడు బాలు!" అంటారు. అదీ నిజమే. తెలుగు మాటని అంత స్పష్టంగా, నవ్వునీ దుఃఖాన్నీ అందులో కలిపి పలికినవారు ఎందరున్నారు?

ఈ తగవుకు తీర్పు చెప్పడం ఎంత కష్టమో చూడండి. 'సాగర సంగమం' 1983లో వచ్చింది. దానికి సంగీతానికి ఇళయరాజాకూ, గానానికి బాలుకూ ఇద్దరికీ జాతీయ బహుమతులు వచ్చాయి. 1988లో 'రుద్రవీణ'కూ అంతే, ఇద్దరికీ! ఢిల్లీ పెద్దలే ఇద్దరినీ విడదీయలేకపోతే మా హాల్లో తేలుతుందా?

మధ్యలో నేనొకసారి, "మరి రాసినవాళ్ళ సంగతేమిటి? 'సాగర సంగమా'నికి వేటూరిగారు, 'రుద్రవీణ'కు సీతారామశాస్త్రిగారు మాటలివ్వకపోతే మీ బాణీలు దేనికి కట్టుకుంటారు?" అన్నాను. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. పులుసు అడుగంటకుండా దింపుకోవడానికి ఆ కాస్త సమయం నాకు చాలింది!

2017లో వచ్చిన నోటీసు

ఇదంతా సరదా. 2017 మార్చిలో మాత్రం తగవు నిజంగానే ముదిరింది. బాలు సినీగాన జీవితం యాభై ఏళ్ళ పండుగగా దేశదేశాల్లో కచేరీలు చేస్తూ అమెరికాలో ఉన్నారు. తన అనుమతి లేకుండా తన పాటలు వేదిక మీద పాడరాదని ఇళయరాజా తరఫున లాయరు నోటీసు వచ్చింది.

మా ఇంట్లో అన్నదమ్ములు వారం రోజులు ఎదురెదురుగా కూర్చుని అన్నం తినలేదు. "స్నేహితుడికి నోటీసా? ఆ పాటలు మోసింది ఎవరు?" అని ఈయన. "టిక్కెట్లమ్మి పాడితే స్వరకర్తకు వాటా ఉండొద్దా? కష్టం ఆయనది కాదా?" అని అతను. ఊళ్ళోనూ అంతే. టీకొట్టు దగ్గర, రైల్వే స్టేషన్లో, నిమ్మకాయల మార్కెట్లో, ఎక్కడ చూసినా అదే మాట.

బాలుగారేం చేశారో గుర్తుందా? చట్టం ఇలా ఉందని తనకు తెలియదన్నారు. ఉంటే పాటించాల్సిందే కనుక ఆ కచేరీల్లో ఇళయరాజా పాటలు పాడమని, మిగతావారి పాటలతో జరుపుతామని చెప్పారు. అభిమానులు పరుషమైన చర్చలు చేయవద్దని, ఇళయరాజాగారిని తక్కువచేసే మాటలు అనవద్దని కోరారు. నోటీసు అందుకున్న మనిషే అలా అంటే, మనమెందుకు కంచాల ముందు మొహాలు తిప్పుకోవాలి? ఆ మాటే ఇద్దరికీ చెప్పి ఒకే బల్ల దగ్గర వడ్డించాను.

2019 జూన్‌లో మద్రాసులో ఇళయరాజా కచేరీ వేదిక మీద బాలు మళ్ళీ పాడారు.

ఆవకాయ ఎవరిది?

ఇది మన భాషలో చెబుతాను. ఆవకాయ పెట్టామనుకోండి. కాయ తోటవాడిది. పాళ్ళు అత్తగారు నేర్పినవి. కలిపిన చెయ్యి మనది. జాడీ పుట్టింటిది. ఊరగాయ ఎవరిది అంటే ఏం చెబుతాం? ఇంట్లో తిన్నంతకాలం ఆ ప్రశ్నే రాదు. అదే సీసాలకెత్తి అమ్మడం మొదలుపెట్టామా, అప్పుడు లెక్కలొస్తాయి. పాటా అంతే.

చట్టం లెక్క ఇలా ఉంది. సినిమా పాటలో మాటలకు ఒక హక్కు, బాణీకి ఒక హక్కు, రికార్డయిన పాటకు వేరే హక్కు. పాడినవారి హక్కులు 1994 సవరణతో చట్టంలోకి వచ్చాయి. హక్కులు నిర్మాతకు రాసిచ్చేసినా, సినిమాహాల్లో సినిమాతో పాటు వినిపించడం కాక మరెక్కడైనా ఆ పాటను వాడుకుంటే వచ్చే రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ వాటా ఉండాలని 2012 సవరణ చెబుతుంది. అంటే మా మరిది అన్నదాంట్లో న్యాయం ఉంది.

మీరు కంగారు పడకండి! మీ వంటింట్లో మీరు పాడుకుంటే ఎవరూ అడగరు. దేవుడి ఉత్సవాలకూ, పెళ్ళికీ, పెళ్ళి ఊరేగింపుకూ ఆ చట్టంలోనే 52వ సెక్షన్ కింద మినహాయింపు ఉంది. కాలనీ సంఘంవాళ్ళు సరదాకి, టిక్కెట్టు లేకుండా పాడుకున్నా అంతే.

వినేవాళ్ళ వాటా

2020 ఆగస్టులో కరోనాతో బాలుగారు ఆస్పత్రిలో చేరారు. త్వరగా లేచి రమ్మని పిలుస్తూ ఇళయరాజా ఒక వీడియోలో మాట్లాడారు. నోటీసు పంపిన మనిషి గొంతేనా అది అనిపించింది నాకు. సెప్టెంబరు 25, శుక్రవారం మధ్యాహ్నం టీవీలో ఆ కబురు వచ్చింది. పక్కవీధిలో ఉండే మా మరిది మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి, మా వారి పక్కన కూర్చున్నాడు. సెల్‌ఫోన్లో ఒక పాట పెట్టాడు. బాణీ ఇళయరాజాది, గొంతు బాలుది. పాట అయ్యేవరకూ ఇద్దరూ తలెత్తలేదు. "మళ్ళీ పెట్టరా" అన్నారు మా మామగారు. ఘంటసాల తర్వాత పాటే లేదన్న మనిషి!

ఆ రాత్రి నాకు గూడూరు పోటీయే గుర్తొచ్చింది. ఆ రోజు జానకిగారు బహుమతులు చేతికిచ్చి, నవ్వి, రైలెక్కి వెళ్ళిపోయి ఉండవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. అయినా విన్నది విన్నట్టు నలుగురిలో చెప్పారు. ఓడిన కుర్రవాడికి ఆ మాట ఎంత బలమిచ్చి ఉంటుందో! జీవితమంతా చెప్పుకున్నారంటేనే తెలుస్తోందిగా. రాసినవారు, కట్టినవారు, వాయించినవారు, పాడినవారు, అందరి తర్వాత విని "బాగుంది" అన్నవారికీ పాటలో వాటా ఉంది. ఆ వాటా మనది.

బాలుగారు ఆ బాకీ తీర్చుకున్నారనే నాకనిపిస్తుంది. 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో ఎందరు పిల్లలకు మాట సాయం చేశారు! పాట రాసిందెవరో, బాణీ ఎవరిదో పేరుపేరునా చెప్పేవారు. పిల్లల తప్పు దిద్దేవారు, చిన్నబుచ్చేవారు కాదు.

నిరుడు మా చిన్నమ్మాయి ఒక పాటల పోటీకి వెళ్ళి ఒట్టి చేతులతో వచ్చింది. బ్యాగు మూలకు గిరాటేసి, "ఇంక పాడను" అంది. "నువ్వు రెండో చరణంలో తీసిన సంగతి నాకు బాగా నచ్చిందే" అన్నాను. నిజంగానే నచ్చింది. గూడూరు ముచ్చట చెప్పాను. రాత్రి గిన్నెలు సర్దుతుంటే వెనకనుంచి కూనిరాగం వినిపించింది. మాట్లాడకుండా కుళాయి కట్టేసి విన్నాను.

మీ ఇంట్లో పాటల తగవు వస్తే...

* ముందు పాట పూర్తిగా వినాలి. పల్లవికే తీర్పు చెప్పినవాళ్ళకు ఆ పూట పకోడీలు లేవు!
* తమ అభిమాన గాయకుడి గురించి కాక, అవతలివాళ్ళ అభిమాని గురించి ఒక మంచిమాట చెప్పాకే వాదన మొదలుపెట్టాలి.
* పాట రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, మూడు పేర్లూ చెప్పాలి. చెప్పలేకపోతే ఒక ఓటు తగ్గించండి.
* ఇంట్లో ఎవరైనా పాడితే మధ్యలో "ఆపు" అనకూడదు. బాగున్న చోటు ఒకటి వెతికి చెప్పాలి.
* గొంతులు హెచ్చితే గ్లాసుడు నిమ్మకాయ మజ్జిగ ఇవ్వండి. మా గూడూరు నిమ్మకాయ అయితే ఇంకా మంచిది!

ఇంతకీ మా ఇంట్లో తగవు తేలిందా అంటారా? తేలలేదు. ఈ ఆదివారం కూడా ఉంటుంది. కాకపోతే ఈమధ్య నేను వంటింట్లో ఉండిపోవడం లేదు. పొయ్యి సన్నమంట చేసి, కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చుంటున్నాను. మీరూ కూర్చోండి!