సెటిల్‌మెంట్‌తో బాకీ తీరుతుంది, లెక్క తీరదు

పాత క్రెడిట్ కార్డు బాకీ వడ్డీలూ జరిమానాలతో రెండు లక్షలకు చేరిందనుకోండి. ఎనభై వేలు ఒకేసారి కట్టేస్తే మిగతాది వదిలేస్తామని బ్యాంకు నుంచి ఫోనొస్తుంది. లక్షా ఇరవై వేలు మిగిలినట్టే కదా అనిపిస్తుంది. వెనువెంటనే పన్ను భయం పట్టుకుంటుంది. జీతం మీద బతికేవాళ్లకు ఈ భయం అక్కర్లేదు. సొంత అవసరాలకు తీసుకున్న అప్పులో బ్యాంకు కొంత వదులుకుంటే, మన దేశంలో దాన్ని సాధారణంగా ఆదాయంగా చూడరు. అమెరికాలోని మనవాళ్ల సంగతి వేరు. అక్కడ 600 డాలర్లు, అంతకు మించి మాఫీ అయితే బ్యాంకు 1099-సి ఫారం పంపుతుంది. అప్పులు ఆస్తులను మించిపోయినవారికి మినహాయింపు ఉన్నా, ఫారం 982 పెట్టి దాన్ని అడిగి తీసుకోవాలి. ఇక్కడి జీతగాడికి మాఫీ దెబ్బ తగిలేది క్రెడిట్ రిపోర్టులో.

పూర్తిగా కట్టిన ఖాతాకు ఆ రిపోర్టులో 'క్లోజ్డ్' అని పడుతుంది. రాజీకొచ్చి కట్టిన ఖాతాకు 'సెటిల్డ్' అని పడుతుంది, సెటిల్‌మెంట్ మొత్తమూ అక్కడే కనిపిస్తుంది. సిబిల్ లాంటి సంస్థలు రుణ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు భద్రపరచాలన్నది నియమం. కాబట్టి మూడు నాలుగేళ్ల తర్వాత స్కోరు కోలుకున్నా, హోమ్ లోన్‌కు వెళ్లినప్పుడు బ్యాంకు అధికారి కంట ఆ ఒక్క మాట పడుతుంది. రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వ్యవసాయేతర రుణాల్లో రాజీ జరిగితే ఆ వ్యక్తికి మళ్లీ అప్పు ఇవ్వడానికి కనీసం 12 నెలలు ఆగాలి. అంతకన్నా ఎక్కువ గడువు పెట్టుకునే స్వేచ్ఛ బ్యాంకులకు ఉంది.

వ్యాపారికి పన్ను లెక్క కూడా తోడవుతుంది. సరుకు తెచ్చి, కొనుగోలు ఖర్చుగా చూపి, పన్ను తగ్గించుకున్నాక టోకు వర్తకుడు అందులో మూడు లక్షలు వదిలేస్తే, ఆ మూడు లక్షలూ వదిలేసిన ఏడాది ఆదాయమే. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 41(1) సెక్షన్ చెప్పింది ఇదే. అప్పు అసలు మాఫీ అయితే ఏమిటన్నది చాలాకాలం నలిగింది. మహీంద్రా అండ్ మహీంద్రా కేసులో, యంత్ర పరికరాల కోసం తీసుకున్న అప్పు మాఫీ ఆదాయం కాదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రయోజనం నగదు రూపంలో ఉంది గనక, వ్యాపారంలో దక్కే ప్రయోజనాలను ఆదాయంగా లెక్కించే 28(iv) సెక్షన్ వర్తించదన్నది ఆ తీర్పులో ఒక ఆధారం. 2023 ఆర్థిక చట్టం ఆ సెక్షన్‌లో నగదునూ చేర్చింది. అందుకే పాత తీర్పు ఉందన్న ధీమాతో ఏ వ్యాపారీ సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టకూడదు. ముందు ఆడిటర్‌కు చూపించాలి.

వాయిదాలు తప్పినప్పుడే స్కోరు పోయింది, ఇంకా పోయేదేముందని కొందరు అడుగుతారు. అందులో నిజం ఉంది. కట్టకుండా వదిలేసిన ఖాతా కంటే సెటిలైన ఖాతా నయం. వడ్డీ పెరగడం ఆగుతుంది, వసూలు ఫోన్లు ఆగుతాయి. ఉద్యోగం పోయి, ఆస్పత్రి ఖర్చులతో చితికిపోయిన కుటుంబానికి సెటిల్‌మెంటే సరైన దారి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ వాయిదాల మీదైనా మొత్తం కట్టగలిగినవాళ్లు తగ్గింపు చూసి ఆశపడితే నష్టపోతారు. బ్యాంకు రైటాఫ్ చేసింది గనక బాకీ పోయిందనుకోవడమూ పొరపాటే. అది బ్యాంకు తన పుస్తకాల్లో చేసుకునే సర్దుబాటు, వసూలు హక్కు అలాగే ఉంటుంది. మూడేళ్లు దాటితే కోర్టుకెళ్లే గడువు ముగియవచ్చు, రిపోర్టులోని మాట మాత్రం దాంతో చెరిగిపోదు.

సెటిల్ చేసుకోక తప్పకపోతే, కట్టాల్సిన మొత్తం, గడువు తేదీ రాసిన ఉత్తరం బ్యాంకు నుంచి చేతికందాకే డబ్బు కట్టండి. ఏజెంటు చేతికివ్వకుండా నేరుగా లోన్ ఖాతాలోనే జమచేయండి. తర్వాత వెసులుబాటు కలిగితే వదిలేసిన మొత్తం కూడా కట్టి, నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, ఖాతాను 'క్లోజ్డ్'గా మార్చమని రాతపూర్వకంగా అడగండి. ఏడాదికోసారి ప్రతి క్రెడిట్ సంస్థా పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. అందులో తప్పుందని ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆపైన రోజుకు రూ.100 చొప్పున పరిహారం మీకు రావాలి.