702 సీసీల పాఠం.. కల్లూరు షెడ్డులో!

మిరప కోతల రోజుల్లో తెల్లారగట్ల కల్లూరు సెంటర్లో నిలబడితే కూలీలతో కిక్కిరిసిన మ్యాజిక్‌లు ఒకదాని వెనక ఒకటి బయల్దేరుతుంటాయి. ఏడుగురికి పర్మిషన్ ఉన్న బండిలో ఎంతమంది ఉంటారో లెక్కపెట్టడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. వాటి మధ్యలోంచే ఖమ్మం మార్కెట్‌కు బస్తాలు మోసే టాటా ఏస్‌లు. రెంటిలోనూ సీటు కింద ఉన్నది ఒకే కుటుంబం ఇంజిన్: రెండు సిలిండర్లు, 702 సీసీ, డీజిల్.

మెకానికల్‌ చదివి ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఈ ఇంజిన్‌ను మించిన ల్యాబ్ లేదని నా నమ్మకం. నాకు ఆ సంగతి తెలిసొచ్చింది మాత్రం పరువు పోయాక.

మా బాబాయికి ఓ పాత మ్యాజిక్ ఉంది. ఓ ఫిబ్రవరి పొద్దున తల్లాడ దాటాక ఆవిర్లు కక్కి ఆగిపోయింది. తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చాం. 'ఏరా, నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివావుగా, ఏమైందో చెప్పు' అన్నాడు బాబాయ్. సీటు ఎత్తి చూశా. చూస్తూనే ఉన్నా. ఒట్టో సైకిల్, డీజిల్ సైకిల్ పీవీ డయాగ్రాములు కళ్లు మూసుకుని గీయగలను. అక్కడ దేన్ని ముట్టుకోవాలో తెలియలేదు. మెకానిక్ అన్న వచ్చి ఆయిల్ పోసే మూత తిప్పి నాకు చూపించాడు. మూత లోపల పాలు ఎక్కువైన కాఫీలాంటి నురగ. 'నీళ్లు ఆయిల్లో కలిశాయి తమ్ముడూ. హెడ్ గ్యాస్కెట్ పోయింది.' అంతే, రోగనిర్ధారణకు అర నిమిషం పట్టింది.

అంతకు కొన్ని నెలల ముందు ఓ కంపెనీ ఇంటర్వ్యూలోనూ ఇదే ఇంజిన్ నన్ను పట్టుకుంది. 'బోర్ 75 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 79.5, సిలిండర్లు రెండు. ఎన్ని సీసీలు?' అని అడిగారు. సూత్రం గుర్తుంది కాబట్టి చెప్పేశా. మీరూ వేసి చూడండి. 7.5 వర్గాన్ని 0.7854తో, దాన్ని 7.95తో గుణిస్తే ఒక్కో సిలిండర్‌కు 351. రెండింటికీ 702. ఆ తర్వాత, 'ఇది ఏ బండిలో ఉంటుంది?' అన్నారు. తెల్లమొహం వేశా. 'పోనీ, 16 హార్స్‌పవర్ ఇంజిన్ ముప్పావు టన్ను ఎలా మోస్తుంది?' అన్నారు. ఇక నోరు లేవలేదు. రోజూ మా వీధిలో తిరిగే బండి అది.

సగం ఇంజిన్‌తో మొదలు

టాటా మోటార్స్ 2005 మేలో ఏస్‌ను విడుదల చేసింది. ఆ ప్రాజెక్టును నడిపించిన గిరీశ్ వాఘ్ అప్పటికి యువ ఇంజినీరు. తర్వాత అదే సంస్థలో వాణిజ్య వాహనాల విభాగానికి అధిపతి అయ్యారు. మూడు చక్రాల ఆటోవాళ్లతో మాట్లాడి, వాళ్లకేం కావాలో తెలుసుకున్నాకే బండి డిజైన్ మొదలైంది. ఇంజిన్ కోసం కొత్తగా తల బద్దలు కొట్టుకోలేదు. ఇండికా కారులోని 1405 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌ను ఆధారం చేసుకుని, దాదాపు సగానికి కోసినట్టుగా రెండు సిలిండర్లది తయారుచేశారు. కొత్త ఇంజిన్ ఖర్చు తప్పింది, ధర రెండుంబావు లక్షల దగ్గర నిలిచింది. 2017 నాటికి 20 లక్షల ఏస్‌లు అమ్ముడుపోయాయి. 'ఖర్చు తగ్గించిన డిజైన్‌కు ఉదాహరణ చెప్పు' అని ఎవరైనా అడిగితే పుస్తకంలోది వదిలేసి ఇది చెప్పండి.

ఇక నేను చెప్పలేకపోయిన జవాబు. తొలితరం ఏస్‌ ఇంజిన్ 3200 ఆర్పీఎం దగ్గర 16 హార్స్‌పవర్ ఇస్తుంది. టార్క్ మాత్రం 2000 ఆర్పీఎం దగ్గరే గరిష్ఠంగా 38 న్యూటన్ మీటర్లకు చేరుతుంది. 2000 దగ్గర పవర్ లెక్క కడితే దాదాపు 8 కిలోవాట్లు, అంటే 11 హార్స్‌పవర్ లోపే. అయినా బండి లాగేది అక్కడే బాగా. చక్రాన్ని తిప్పేది టార్క్. మొదటి గేరు, వెనక డిఫరెన్షియల్ కలిసి దాన్ని ఎన్నో రెట్లు పెంచుతాయి, వేగాన్ని అన్ని రెట్లూ తగ్గిస్తాయి. అందుకే ముప్పావు టన్నుతో మిట్ట ఎక్కుతుంది, కాకపోతే నిదానంగా. గేరు ఎప్పుడు మార్చాలో మా బాబాయికి ఇంజిన్ మోత చెబుతుంది. ఆయన చెవిలో టార్క్ కర్వ్ ఉందన్నమాట!

ఇంకో ప్రశ్న తప్పక వస్తుంది. మారుతి 793 సీసీ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ 2015లో సెలేరియో కారులో 47 హార్స్‌పవర్ ఇచ్చింది. మరి 702 సీసీకి 16 ఏమిటి? పాత ఏస్‌ది ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్. డీజిల్ నేరుగా సిలిండర్లో కాకుండా పక్కనున్న చిన్న గదిలో పడి మండటం మొదలవుతుంది. ఆ గది గోడలు వేడిని తాగేస్తాయి కాబట్టి కంప్రెషన్ ఎక్కువ కావాలి, స్టార్టింగ్‌కు హీటర్ ప్లగ్గులు కావాలి. మారుతిది కామన్ రైల్, పైగా టర్బో ఉంది. ఇంజెక్షన్ ప్రెజర్ వెయ్యి బార్లు దాటుతుంది. గాలీ ఎక్కువ, డీజిల్ కూడా సన్నటి మంచులా పడుతుంది. చిత్రమేమిటంటే, అదే ఇంజిన్‌ను 2016లో సూపర్ క్యారీ అనే సరుకు బండికి పెట్టినప్పుడు 32 హార్స్‌పవర్‌కు తగ్గించారు. రోజంతా బరువు లాగే బండికి పరుగు కన్నా మన్నిక ముఖ్యం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 రాగానే మారుతి డీజిల్‌నే వదిలేసింది. టాటా 702 సీసీకి కామన్ రైల్ పెట్టి కొనసాగించింది.

నీళ్ల దగ్గరే అంతా

బాబాయ్ బండి ఎందుకు పోయిందో చెప్పాలి. రేడియేటర్ పైపు కొన్ని వారాలుగా చెమర్చుతోంది. రోజూ పొద్దున బోరు నీళ్లు పోసి పంపేవాడు. కూలెంట్ అంటే ఉత్త రంగునీళ్లని ఆయన లెక్క. నిజానికి అందులో తుప్పు పట్టనివ్వని రసాయనాలుంటాయి, అది మరిగే వేడి కూడా మామూలు నీళ్లకన్నా ఎక్కువ. బోరునీళ్లలోని ఉప్పు ఇంజిన్ లోపలి సన్నటి దారుల్లో, మన ఇంట్లో వాటర్ హీటర్ కాయిల్‌కు పట్టినట్టే గారగా పడుతుంది. వేడి బయటికి పోదు. పైగా ఎప్పుడో ఎవరి సలహానో విని థర్మోస్టాట్ వాల్వ్ పీకించేశాడు, 'ఇంజిన్ చల్లగా ఉంటుంద'ని. ఇది మన దగ్గర పెద్ద జబ్బు. అది లేకపోతే పొద్దున ఇంజిన్ వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, చల్లటి ఇంజిన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుతుంది. అసలు జబ్బు గారలో, లీకులో ఉంటే దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

ఆ రోజు టెంపరేచర్ లైటు వెలిగింది. కూలీలను దింపాక చూద్దాంలే అనుకున్నాడు. హెడ్ వంకరపోయింది, గ్యాస్కెట్ కాలింది. హెడ్‌ను ఫేసింగ్‌ కోసం ఖమ్మం పంపి తెప్పించేసరికి తొమ్మిది రోజులు. అంతకంటే పెద్ద దెబ్బ, ముఠా మేస్త్రి ఈలోగా ఇంకో బండి మాట్లాడుకుంది. ఆ సీజన్‌కు మళ్లీ ఈ బండి ఎక్కలేదు. ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు కదా.

అందుకని మెయింటెనెన్స్ గురించి ఇంటర్వ్యూలో అడిగితే 'పీరియాడిక్‌గా సర్వీసింగ్ చేయాలి' అని ఊరుకోకండి. కారణం చెప్పండి. ఆయిల్ డిప్‌స్టిక్‌ను పొద్దున స్టార్ట్ చేయకముందు, చదునైన చోట ఎందుకు చూడాలి? రాత్రంతా ఆయిల్ కిందికి దిగి ఉంటుంది కాబట్టి అసలు మట్టం తెలుస్తుంది. లెవెల్ తగ్గకుండా పెరిగిందంటే సంతోషించకూడదు, డీజిలో నీళ్లో కలుస్తున్నాయని అర్థం. వేడి మీద రేడియేటర్ మూత ఎందుకు తీయకూడదు? లోపల ప్రెజర్ ఉన్నంతసేపూ నీళ్లు వందకు మరగవు. మూత తీయగానే ప్రెజర్ పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. నల్ల పొగ అయితే గాలి చాలట్లేదు లేదా డీజిల్ ఎక్కువైంది, ముందు ఎయిర్ ఫిల్టర్ చూడాలి. నీలం పొగ అయితే ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ సిలిండర్లోకి పోతున్నట్టు అనుమానించాలి. సత్తుపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులున్న వైపు తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఆగదు. ఆ దుమ్ములో ముందే చూసుకోవాలి.

డీజిల్ ఫిల్టర్ సంగతీ అంతే. దాని అడుగున చేరిన నీళ్లను వదలాలి. పాత ఇంజిన్ కాస్త నీళ్లున్నా గొణుక్కుంటూ నడిచేది. కామన్ రైల్ ఇంజెక్టర్లకు అంత ఓపిక లేదు. బీఎస్-4లో 50 పీపీఎం ఉన్న సల్ఫర్‌ను బీఎస్-6 డీజిల్లో 10కి తగ్గించారు. అది పొగ శుద్ధికి మంచిదే. కానీ డబ్బాల్లో నిల్వ చేసి అమ్మే డీజిల్లోని నీటికి, మట్టికి ఏ ప్రమాణమూ ఉండదు.

దారులు ఎటు?

పది పాసైనవాళ్లకు ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు. ఆర్టీసీ డిపోల్లో శ్రామిక్ పోస్టులకు ఈ ట్రేడులు పనికొస్తాయి. పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమా చేయొచ్చు. మెకానికల్, ఆటోమొబైల్ వాళ్లు అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ నోటిఫికేషన్‌పై కన్నేయాలి. దానికి చదువుతోపాటు డ్రైవింగ్ లైసెన్స్ నిబంధన కూడా ఉంటుంది, చివరి నిమిషంలో పరుగెత్తకండి. సరుకు బండ్లకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలన్న నిబంధన ఎందుకుందో, బాబాయ్ బండి లాంటిది ఒక్కటి చూసినా అర్థమవుతుంది.

డిగ్రీ, డిప్లొమా అయినవాళ్లకు నాట్స్ పోర్టల్లో, ఐటీఐ వాళ్లకు అప్రెంటిస్‌షిప్ పోర్టల్లో స్టైపెండ్‌తో శిక్షణ దొరుకుతుంది. నన్నడిగితే అంతకు ముందే ఓ వేసవి నెల ఊళ్లో షెడ్డుకు వెళ్లండి. జీతం అడక్కండి, స్పానర్లు అందించండి. ఆ నెలను రెజ్యూమెలో రాయడానికి సిగ్గుపడకండి. నా రెండో ఇంటర్వ్యూలో అరగంట దాని మీదే నడిచింది.

'డీజిల్ పోతోంది కదా, ఎందుకు నేర్చుకోవడం?' అని అడిగేవాళ్లుంటారు. నిజమే, 2022లో ఏస్‌కు ఎలక్ట్రిక్ రూపం వచ్చింది. 2025లో వచ్చిన ఏస్ ప్రో పెట్రోల్, సీఎన్‌జీతో కలిపిన పెట్రోల్, ఎలక్ట్రిక్ రకాల్లోనే దొరుకుతోంది, డీజిల్ లేదు. కానీ ఇప్పటికే రోడ్డు మీదున్న లక్షల బండ్లు రేపే మాయమైపోవు. వాటిలో కొత్తవాటికి స్పానర్‌తోపాటు స్కానర్ కూడా కావాలి. షెడ్డుల్లో కొరత అక్కడే ఉంది, మన చదువు పనికొచ్చేదీ అక్కడే.

ఈమధ్య ఆ మెకానిక్ అన్న ఫోన్ చేశాడు. ఓ బీఎస్-6 ఏస్ మిట్ట ఎక్కట్లేదట, చెక్ లైటు వెలుగుతోందట. కొత్తగా కొన్న స్కానర్లో పీ0087 అని వచ్చిందన్నాడు. రైల్లో ప్రెజర్ తక్కువగా ఉందని దానర్థం. పంపు దాకా పోకముందు డీజిల్ ఫిల్టర్ విప్పి చూడమన్నా.

'అది ఎప్పుడో విప్పేశా తమ్ముడూ, నిండా నీళ్లే' అన్నాడు.