ఇంట అంటురోగ మున్నప్పుడు నలుగురిలోనికి పోవచ్చునా?

వ్యవసాయము ఒంటరివాని వృత్తి కాదు. నారు పీకుటకును, నాట్లు వేయుటకును, కోత కోసి కుప్ప వేయుటకును పదిమంది చేతులు కలియవలెను. ధాన్యము అమ్ముకొనుటకు మార్కెట్టుకు పోవలెను. ఎరువుల నిమిత్తము సంఘపు గోదాము వద్ద వరుసలో నిలువవలెను. పెండ్లికి పిలిచినవారి యింటికి పోకున్న మాట వచ్చును. చావునకు పోకున్న మరింత మాట వచ్చును. ఇట్టి బ్రతుకులో ఇంట నొక బిడ్డకు తట్టు పోసినను, పెద్దవారికి రొంప జ్వరము తగిలినను, మిగిలినవారు నలుగురిలోనికి పోవచ్చునా, పోరాదా యను ప్రశ్న ఆ క్షణముననే పుట్టును.

ఈ ప్రశ్నకు మన గ్రామములలో రెండు విధములైన సమాధానములు కనబడుచున్నవి. కొందరు రోగమును దాచి, ఏమియు జరుగనట్లు అన్ని చోట్లకును పోవుచుందురు. మరికొందరు రోగమను మాట చెవిని బడినంతనే ఆ యింటివారిని వెలివేసినట్లు చూచి, వారి గడప త్రొక్కుట మాని, వారి పాలు కొనుట మాని, వారిని పనికి పిలుచుటయు మానుదురు. ఈ రెండవవారి భయమే మొదటివారి దాపరికమునకు కారణ మగుచున్నది. ఈ రెంటికిని నడుమ సరియైన మార్గ మొకటి కలదు. ప్రతి రోగమునకును ఒక దారి, ఒక కాలము ఉన్నవి. వానిని తెలిసికొన్న రైతు తా నెప్పుడు ఇంట నుండవలెనో, ఎప్పుడు నిశ్చింతగ బయలుదేరవచ్చునో తానే నిర్ణయించుకొనగలడు. ఆ సంగతినే ఇచ్చట వివరింపదలచినాము.

పశువుల దొడ్డిలో నేర్చిన పాఠము

ఇది రైతునకు క్రొత్త విషయము కాదు. దొడ్డిలో నొక యెద్దు నోట చొంగ కార్చుచు, గిట్టల నడుమ పుండ్లతో కుంటిన యెడల అది గాలికుంటు అని యెరిగి, దానిని వేరుగ కట్టివేయును. సంతకు తోలడు, పదిమంది పశువులు త్రాగు తొట్టివద్దకు పోనీయడు. దానికి మేత వేసిన చేతులను కడుగుకొనక మరియొక పశువును ముట్టడు. రోగము సోకిన పశువులను సంతకు తెచ్చుటను 2009వ సంవత్సరపు చట్టము కూడ నిషేధించుచున్నది. ఒకప్పుడు ముసర రోగము మందలకు మందలనే తుడిచిపెట్టెడిది. టీకాలు వేయుటచేతను, రోగమున్న చోటినుండి పశువులను కదలనీయకుండుటచేతను అది లోకమున లేకుండ పోయినదని 2011లో ప్రకటింపబడినది. ఎద్దు విషయమున ఇంత జాగ్రత్త వహించు మనము, బిడ్డ విషయమున బంధువు లేమనుకొందురో యని వెనుదీయుట తగునా?

మొదటి ప్రశ్న: రోగము ఏ దారిని పోవును?

అంటురోగము లన్నియు ఒకే విధముగ అంటవు. ముఖ్యమైన దారులు నాలుగు.

ఒకటి, గాలి దారి. తట్టు (కొన్ని సీమలలో దీనిని పొంగు అందురు), ఆటలమ్మ, ఫ్లూ, కరోనా, క్షయ ఈ దారిని పోవును. రోగి దగ్గినను, తుమ్మినను, మాటలాడినను రోగబీజములు గాలిలోనికి వెడలును. వీనిలో తట్టు మిక్కిలి వేగము గలది. తట్టు ఉన్న బిడ్డ గదినుండి వెడలిపోయిన పిమ్మటను రెండు గంటల వరకు ఆ గాలిలో బీజము నిలిచియుండగలదు. టీకా లేనివారును, మునుపు ఆ రోగము రానివారును పదిమంది ఆ బిడ్డ దగ్గర మెలగినచో తొమ్మిదిమందికి వరకు సోకవచ్చును.

రెండవది, నీటి దారి. కలరా, టైఫాయిడు, నీళ్ల విరేచనములు ఇట్టివి. రోగి మలమునందలి బీజము చేతులవలనను, ఈగలవలనను, త్రాగునీటివలనను ఇతరుల నోట చేరును. ఇట్టి రోగ మున్న యింటివారు ఒంట బాగుగ నున్నచో పొలమునకును, సభకును పోవచ్చును. పక్కన కూర్చుండుటవలన నష్టము లేదు. కాని విందులో వంట చేయరాదు, వడ్డింపరాదు, పదిమంది త్రాగు నీటి కుండలో చేయి ముంచరాదు. తమకు విరేచనములు లేకున్నను వారి కడుపున బీజ ముండవచ్చును గనుక ఈ కట్టుబాటు అవసరము.

మూడవది, స్పర్శ దారి. గజ్జి, కండ్లకలక ఇట్టివి. తువ్వాళ్లు, పక్కబట్టలు వేరుగ నుంచి, చేతులు సబ్బుతో కడుగుకొనినచో రోగము లేనివారు పనులకు పోవచ్చును. గజ్జి విషయమున మాత్రము ఇంటిల్లిపాదియు ఒక్కమారే మందు రాచుకొనవలెను. లేనిచో ఒకరినుండి యొకరికి తిరుగుచునే యుండును.

నాలుగవది, దోమ దారి. మలేరియా, డెంగీ ఇట్టివి. రోగి ప్రక్కన కూర్చుండుటవలన ఇవి అంటవు. ఇంటివారు ఎచ్చటికైన పోవచ్చును. చేయవలసిన పని వేరు: రోగిని దోమతెరలో నుంచవలెను, పెరటిలోని పాత టైర్లలోను, తొట్లలోను నిలిచిన నీటిని పారబోయవలెను.

కావున ఇల్లు కదలకుండ నుండవలసిన అవసరము ముఖ్యముగ గాలి దారి రోగములకే కలదు.

రెండవ ప్రశ్న: ఎప్పటినుండి ఎప్పటివరకు?

విత్తిన నాడే మొలక కనబడదు. రోగబీజమును అట్లే. ఒంటికి చేరిన పిమ్మట కొన్ని దినములు గుప్తముగ నుండి, తరువాత బయటపడును. ఈ సంగతిని లోకమునకు స్పష్టముగ చూపినది మనవంటి పల్లె ప్రజల అనుభవమే.

ఉత్తర అట్లాంటిక్ సముద్రమున డెన్మార్కు ఏలుబడిలో ఫారో దీవులున్నవి. అచ్చటివారు గొఱ్ఱెలు మేపుకొని, చేపలు పట్టుకొని జీవించెడివారు. 1846లో అచ్చట తట్టు ప్రవేశించి, సుమారు 7,800 మంది జనములో 6,000 మందికి పైగా సోకెను. దానిని పరిశీలించుటకు పీటర్ లుడ్విగ్ పానుమ్ అను యువ వైద్యుడు పంపబడెను. మనకు నాట్లవలె వారికి చిన్న జాతి తిమింగిలముల వేట పదిమంది కూడి చేయు పని. ఒక గ్రామమునుండి పదిమంది ఒకే పడవలో జూన్ 4వ తేదీన అట్టి వేటకు పోయిరి. ఇంటికి వచ్చి ఆరోగ్యముగ తిరుగుచుండిరి. జూన్ 18వ తేదీన పదిమందికిని ఒంట తట్టు పోసెను. అనగా సోకిన నాటికిని బయటపడిన నాటికిని నడుమ పదునాలుగు దినములు. మరియొక వింత: ఆ దీవులలో అంతకుముందు తట్టు వచ్చినది 1781లో. ఆనాడు తట్టు పోసి బ్రతికిన వృద్ధులకు అరువదియైదేండ్ల పిమ్మట ఆ రోగము మరల రాలేదు.

ఈ రెండు సంగతులును నేటి వైద్యశాస్త్రము స్థిరపరచినది. మనకు కావలసిన లెక్కలు ఇవి:

తట్టు: ఒంట పోయుటకు నాలుగు దినములు ముందునుండి, పోసిన పిమ్మట నాలుగు దినముల వరకు అంటును. ఇంటిలో టీకా లేనివారును, మునుపు రానివారును రోగితో కడపటి సంపర్కమునుండి మూడు వారములు జనసమూహమునకు దూరముగ నుండవలెను.

ఆటలమ్మ: పొక్కులు లేచుటకు ఒకటి రెండు దినములు ముందునుండి, పొక్కు లన్నియు ఎండి పెచ్చు కట్టువరకు అంటును. సోకినవారిలో 10 మొదలు 21 దినములలో బయటపడును.

ఫ్లూ: జ్వరము కనబడుటకు ఒక దినము ముందునుండి, అయిదారు దినముల వరకు అంటును. ఇంటివారికి సోకియున్నచో ఒకటి మొదలు నాలుగు దినములలో తెలియును.

క్షయ: దీని లెక్క వేరు. సరియైన మందులు మొదలుపెట్టిన కొన్ని వారములకే అంటు గుణము చాల తగ్గును. వైద్యుడు చెప్పువరకు రోగి గుంపులలోనికి పోరాదు. ఇంటివారు పరీక్ష చేయించుకొని, రోగము లేదని తెలిసిన పిమ్మట నిరాటంకముగ తిరుగవచ్చును. రోగి త్రాగిన గ్లాసు వలనను, తిన్న కంచము వలనను క్షయ రాదు.

మూడవ ప్రశ్న: పోవువా రెవరు, అచ్చట నుండువా రెవరు?

పోవువానికి టీకాలు పడినవా, మునుపు ఆ రోగము వచ్చినదా యని చూడవలెను. అచ్చట చంటిబిడ్డలు, గర్భిణీ స్త్రీలు, వృద్ధులు, చిక్కిపోయిన రోగు లున్నారా యని చూడవలెను. మనకు రెండు దినముల జ్వరముగ పోవునది వారికి ప్రాణముమీదికి రావచ్చును.

ఒక దృష్టాంతము చెప్పెదము. ఒక రైతు ఇంట సోమవారము నాడు మూడేండ్ల పిల్లవానికి తట్టు పోసినది. గురువారము బావమరది కుమార్తె పెండ్లి. పిల్లవాడు పోరాదు, నాలుగు దినములు ఇంకను తీరలేదు. ఇంటిలోని ఆరు నెలల పసిబిడ్డకు టీకా ఈడు రాలేదు. ఆ బిడ్డకు సోకియుండవచ్చును గనుక బిడ్డయు పోరాదు. తల్లి బిడ్డలను విడిచి పోజాలదు. రెండు మోతాదుల టీకా పడిన పెద్ద కూతురును, చిన్ననాట తట్టు వచ్చిపోయిన తాతయు దగ్గు, జ్వరము లేనిచో స్నానముచేసి, ఉతికిన బట్టలు కట్టుకొని పోవచ్చును. ఇక గృహస్థుడు: తనకు తట్టు వచ్చినదో లేదో, టీకా పడినదో లేదో యెరుగడు. అట్టివాడు నిలిచిపోవుటయే మేలు. సందేహమున్న చోట పెండ్లివారి పసిబిడ్డల పక్షమున తీర్పు చెప్పవలెను.

కాని నిలిచిపోయినంత మాత్రమున పని తీరలేదు. బావమరదికి వెంటనే ఫోనుచేసి, పనితొందర యని సాకు చెప్పక, "బావా, పిల్లవానికి తట్టు పోసినది, మీ యింట పసివాళ్లున్నారు గనుక మేము రాలేము" అని రోగము పేరుతోనే చెప్పవలెను. చదివింపులు కూతురి చేతికిచ్చి పంపవచ్చును. గడచిన నాలుగు దినములలో పిల్లవానితో ఆడుకొన్న పిల్లల తల్లిదండ్రులకును చెప్పవలెను. ఏలయనగా సంపర్కమైన మూడు దినములలోపల టీకా వేయించినచో రోగమును ఆపుటకో, తగ్గించుటకో అవకాశము కలదు. దాచిన యెడల ఆ మూడు దినములును వ్యర్థమగును.

పొలము పనుల మాట

ఫ్లూ ఉన్న యింటి రైతు, తాను జ్వరము లేకయున్నచో, తన మడికి తాను నీరు కట్టుకొనుటకును, ఒంటరిగ దున్నుకొనుటకును అడ్డి లేదు. ఆరుబయలు గాలిలో బీజము చెదరిపోవును. ప్రమాదము మడిలో కాదు, మడికి పోవు ఆటోలో. పదిమంది ఇరుకుగ కూర్చుండి పోవు ఆటోయు, ఒక చెట్టు క్రింద ఒకరి కొకరు ఆనుకొని సద్ది తినుటయు అంటును పెంచును. కావున నాలుగు దినములు నాటు గుంపుతో కలియక యుండుట మంచిది.

సంఘము చేయవలసిన పని

ఇట్లు వ్రాయుట సులభము. నాట్ల దినములలో కూలి పోగొట్టుకొనుట సులభము కాదు. మూడు వారములు ఇంట నిలిచిన కుటుంబము ఊరందరి మేలు కొరకు నిలిచినది. ఆ నష్టమును వారొక్కరే భరింపవలెనన్నచో ఎవ్వరును నిలువరు. దాచుకొని పనికి వత్తురు. అందుచేత సంఘ సభ్యులకు మూడు సూచనలు చేయుచున్నాము. ఆ యింటివారి ఎరువులను, విత్తనములను ఇరుగుపొరుగువారు తెచ్చి వాకిట దింపవలెను. వారి మడిలో నాట్లు బదులుపనిగ వేసి, వారు కోలుకొన్న పిమ్మట ఆ పనిని తిరిగి పొందవలెను. వాయిదా గడువు దగ్గరపడినచో వారు గడువునకు ముందే కార్యదర్శికి కబురు పంపవలెను. కార్యదర్శి ఆ సంగతిని పాలకవర్గము ముందుంచవలెను.

మన పెద్దలు అమ్మవారు పోసిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టెడివారు. చూచినవాడు లోపలికి పోక, వాకిటనుండియే కుశల మడిగి పోవును. ఇందులో అవమానము లేదు, దాపరికము లేదు. ఈ ఆచారమును నిలుపుకొనుడు. అయితే మండ కట్టిన నాడే ఆశా కార్యకర్తకును చెప్పుడు. తట్టు పోసిన బిడ్డకు ఏ విటమిను రెండు దినములు వరుసగ ఇత్తురు. బిడ్డకు ఎగపోత వచ్చినను, పాలు త్రాగకున్నను, మూర్ఛ వచ్చినను క్షణము జాగుచేయక ఆసుపత్రికి కొనిపోవలెను. మశూచి నిర్మూలమైనదని 1980లో ప్రకటింపబడినది. రోగమున్న యింటిని కనుగొని, చుట్టుప్రక్కలవారికి టీకా వేయుటచేతనే అది సాధ్యమైనది. ఆ యిల్లు తెలియకున్న ఆ పని సాగెడిది కాదు.

తట్టు టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండినపుడును, రెండవది 16 మొదలు 24 నెలల నడుమను ప్రభుత్వమువారు ఉచితముగ వేయుచున్నారు. సభ్యులు ఈ నెలలోనే తమ బిడ్డల టీకా కార్డులు తీసి చూచుకొనవలెనని కోరుచున్నాము. కార్డున రెండు గుర్తులు నున్న బిడ్డ విషయమున, ఇరుగింట తట్టు పోసినను, పెండ్లికి పోవలెనా మానవలెనా యను చింత చాలవరకు తీరును.