ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లైనక్స్

నూజివీడులో 2008లో ట్రిపుల్ ఐటీ మొదలైనప్పుడు, పదో తరగతి పాసై వచ్చిన పల్లెటూరి పిల్లల చేతికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చి చదువు చెప్పడం రసాల మామిడి తోటల ఊరికి కొత్త విషయం. ఇప్పుడు ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో పాత ల్యాప్‌టాప్ ఒకటి మూలపడి ఉంటుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11 వేద్దామంటే, అది అడిగే హంగులు పాత మిషన్లలో చాలావాటికి లేవు. అందుకే ఉబుంటు లాంటి లైనక్స్ మీదికి చూపు మళ్లుతోంది.

అలాగని విండోస్‌ను పీకేయనక్కర్లేదు. డీటీపీ చేసేవాళ్లకు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ లేకపోతే శుభలేఖ కూడా బయటికి రాదు. ఇంటర్నెట్, బ్యాంకు పనులు లైనక్స్‌లో పెట్టుకుని, ఆ పాత సాఫ్ట్‌వేర్ కోసం విండోస్‌ను నెట్ లేకుండా వాడుకోవడం నా లెక్కలో మంచి పద్ధతి. ఆన్ చేయగానే ఏది కావాలో అడిగే ఈ ఏర్పాటే డ్యూయల్ బూట్. ఒకసారి ఒకటే నడుస్తుంది కాబట్టి ర్యామ్ అంతా దానికే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ ముందు, లైనక్స్ తర్వాత. లైనక్స్‌తో వచ్చే గ్రబ్ మెనూ రెండింటినీ చూపిస్తుంది. విండోస్‌కు ఆ మర్యాద తెలియదు, తన దారి తాను వేసుకుంటుంది.

అసలు జాగ్రత్తలన్నీ విండోస్ వైపే ఉన్నాయి. ఫొటోలు, ఫైళ్లు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ మనకు తెలియకుండానే ఆన్‌లో ఉండొచ్చు; దాని 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. తర్వాత ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం స్థితిని డిస్క్‌లో దాచుకుంటుంది. ఆ సమయంలో లైనక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో ఏమైనా రాస్తే ఫైళ్లు పాడవొచ్చు. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో ఆపేయండి.

ఇక జాగా. అన్నదమ్ములు తోట పంచుకున్నట్టే, ముందు గట్టు వేయాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్‌ను ష్రింక్ చేసి, మిగిలిన జాగాను ఖాళీగా వదలండి. ఉబుంటు 24.04కు 25 జీబీ చాలంటారు గానీ, 60 ఇస్తే ఇబ్బంది ఉండదు.

రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు ఎక్కించి, దాంతోనే బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో చూడండి. అంతా బాగుంటే ఇన్‌స్టాలర్‌లో ‘అలాంగ్‌సైడ్’ అని ఉన్నది ఎంచుకోండి. దాని పక్కనే ‘ఇరేజ్ డిస్క్’ అని ఇంకోటి ఉంటుంది. పొరపాటున అది నొక్కి ముందుకెళ్తే విండోస్‌తో పాటు పెళ్లి ఫొటోలు కూడా పోతాయి. చివరి బటన్ నొక్కేముందు ఏ పార్టిషన్లు మారతాయో తెర మీద చూపిస్తుంది. అక్కడ ఆగి చదవండి.

అంతా అయ్యాక ఒక తమాషా ఎదురవ్వొచ్చు. రాత్రి 8 గంటలకు విండోస్ తెరిస్తే మధ్యాహ్నం రెండున్నర చూపిస్తుంది. మదర్‌బోర్డు గడియారంలో విండోస్ మన సమయాన్ని ఉంచితే, లైనక్స్ అంతర్జాతీయ సమయాన్ని ఉంచుతుంది. ఐదున్నర గంటల తేడా అదే. సెల్ అయిపోయిందనుకుని కొత్తది వేయించకండి. మన సమయమే ఉంచమని ఉబుంటుకు టెర్మినల్‌లో ఒక్క కమాండ్‌తో చెప్పేయొచ్చు.