రాత్రి తీసిన జాతర వీడియో ఎందుకు మసకబారుతుంది?

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల జాతర జరుగుతుంది. రాత్రిపూట ఫోన్‌లో తీసిన వీడియోను కోదాడలోనో మిర్యాలగూడలోనో ఉన్న చుట్టాలకు పంపితే గళ్లుగళ్లుగా, మసకగా కనిపిస్తుంది. ఎందుకని?

తప్పంతా చీకటిదే. వెలుతురు చాలనప్పుడు కెమెరా సెన్సర్‌కు అందే కాంతి తక్కువ. దాంతో నల్లటి ఆకాశంలో కూడా ఇసుక చల్లినట్టు చుక్కలు కదలాడుతాయి. దీన్నే నాయిస్ అంటారు.

వీడియోను కుదించే హెచ్.264 లాంటి పద్ధతులు ప్రతి ఫ్రేమునూ మొత్తంగా దాచవు. ముందు ఫ్రేముతో పోల్చి, మారినంత మేరకే రాసుకుంటాయి. కదలని ఆకాశానికి పెద్దగా ఖర్చు ఉండకూడదు. కానీ నాయిస్ ఫ్రేము ఫ్రేముకూ మారిపోతుంది. 1920×1080 ఫ్రేములో 20,73,600 పిక్సెళ్లుంటాయి. దాదాపు అన్నీ మారినట్టే లెక్క! ఉన్న కొద్ది బిట్లూ ఆ చుక్కలకే పోతే, భేరీలు మోగించేవారి ముఖాలకు ఏం మిగులుతాయి?

అందుకే కుదించకముందే వడగట్టాలి. డీనాయిస్ ఫిల్టర్ ఒకే చోటున్న పిక్సెల్‌ను వరస ఫ్రేముల్లో చూసి సగటు తీస్తుంది. నాలుగు ఫ్రేముల సగటుతో నాయిస్ సుమారు సగానికి తగ్గుతుంది. కదిలే చోట మాత్రం జాగ్రత్తపడాలి, లేకుంటే ఊపే చేతి వెనక నీడ సాగుతుంది. అతిగా వడగడితే గొంగడి నేత కూడా చెరిగిపోతుంది. అంతకన్నా కాస్త నాయిస్ మిగలడమే మేలు.

ఈసారి వీడియో తీసేటప్పుడు దీపాల వెలుగు పడే చోటు చూసుకుని, ఫోన్ కదలకుండా పట్టుకోండి.