సముద్రం దాటి వచ్చే బొగ్గు

పిల్లలూ, నెల్లూరు జిల్లాలో ముత్తుకూరు దాటి సముద్రం వేపు వెళితే పెద్ద పొగగొట్టాలు కనిపిస్తాయి. అవి నేలటూరు దగ్గర వున్న దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్కేంద్రానివి. అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. ఒక్కొక్కటి నిండుగా పనిచేస్తే గంటకు సుమారు 400 టన్నుల బొగ్గు తింటుంది. పది టన్నులు పట్టే లారీలు నలభై అన్నమాట!

మరి ఈ బొగ్గు ఎక్కడిది? నెల్లూరు తీరాన ఉప్పున్నది, చేపలున్నవి, రొయ్యలున్నవి. బొగ్గు గనులు మాత్రం లేవు. అందుకే కేంద్రాన్ని కృష్ణపట్నం రేవుకు చేరువలో కట్టారు. ఒడిశాలోని తాల్చేరు బొగ్గు రైలులో పారాదీపు రేవుకు చేరి, అక్కడ ఓడ ఎక్కి వస్తుంది. దానితో కలిపి కాల్చటానికి విదేశాలనుంచి, ముఖ్యంగా ఇండోనీషియా నుంచి, కూడా తెప్పిస్తూ వచ్చారు. తాల్చేరు బొగ్గు వయసు పాతిక కోట్ల ఏళ్ళకు పైనే; అందులో బూడిద ఎక్కువ. బోర్నియో దీవి బొగ్గుకు ఒకటి రెండు కోట్ల ఏళ్ళే వుంటాయి. బొగ్గులలో అది పసిబిడ్డ! బూడిద తక్కువ.

2022 జనవరిలో ఒక వింత జరిగింది. విద్యుత్కేంద్రాలలో వాడే బొగ్గును ప్రపంచంలో అందరికంటె ఎక్కువగా అమ్మే ఇండోనీషియా, ఆ నెల ఎగుమతులు నిషేధించింది. కారణం ఏమిటంటే, దాని సొంత విద్యుత్కేంద్రాలలోనే బొగ్గు నిండుకున్నది! స్వదేశంలో విద్యుత్కేంద్రాలకు టన్ను 70 డాలర్లకు మించి అమ్మరాదని అక్కడ నియమం. పైదేశాలలో అంతకు రెట్టింపు పలికింది. వ్యాపారులు ఎటు మొగ్గారో మీరే చెప్పగలరు.

పోనీ, తవ్వే ఊళ్ళయినా బాగుపడ్డాయా? బోర్నియోలో సమరిండా అనే పట్నం చుట్టూ, బొగ్గు తీసిన గోతులను ఎన్నిటినో పూడ్చకుండా వదిలేశారు. అవి వాననీటితో నిండి చెరువుల్లా వుంటాయి. 2011 నుంచి ఆ ప్రాంతపు గోతులలో మునిగి ముప్పైమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మీ వంటి పిల్లలే.

ధర పెరిగిన ఏడు అందరూ గనుల వేపు పరుగెత్తుతారు; సేద్యమూ చేతిపనులూ వెనకబడతాయి. ధర పడిన ఏడు చేతిలో ఏదీ మిగలదు. నేలలో సంపద వున్న దేశాలు ఇలా చితికిపోవటాన్ని రిచర్డ్ ఆటీ అనే పండితుడు 1993లో "వనరుల శాపం" అన్నాడు. ఈ శాపం అందరికీ తగలదు లెండి. నార్వే 1990లో చట్టం చేసి, చమురు డబ్బును రాబోయే తరాలకోసం దాచిపెడుతున్నది.

ఈసారి మీ ఇంటికి కరెంటు బిల్లు వచ్చినప్పుడు నాన్నగారినడిగి చూడండి. అందులో ఇంధన సర్దుబాటు అనే పద్దు కనిపించవచ్చు. ఎక్కడో ఓడరేవులో బొగ్గు ధర పెరిగితే, ఆ భారం ఆ పద్దు దారినే మీ ఇంటికి చేరుతుంది.